చివరి అధ్యాయం నా దగ్గరే ఉంది

డిసెంబరు 3

అత్తా,

బతికే ఉన్నాను. ఇక అసలు సంగతికొస్తా.

ఈ ఏడు నాకు నచ్చిన మూడు డిటెక్టివ్ పుస్తకాలు ఈ పార్సిల్లో ఉన్నాయి. మన పద్ధతి ప్రకారం మూడింటికీ చివరి అధ్యాయాలు కోసి నా దగ్గర పెట్టుకున్నా. నువ్విచ్చిన పాత కత్తెరతోనే కోశా. అంచులు ఎలుక కొరికినట్టున్నాయంటే నన్ను తిట్టకు, కత్తెరను తిట్టు. హంతకుడెవరో రాయి. తప్పైనా ఒప్పైనా, నీ జవాబు చేరగానే చివరి అధ్యాయం పోస్టులో వేస్తా.

మన పద్ధతి గురించి మడతల అక్కకు చెప్పా. నా పక్కన నిలబడి దుప్పట్లు మడతపెట్టే ఆవిడలే. "మీ ఇంట్లో అందరికీ పిచ్చా?" అంది. ఫుట్‌పాత్ మీద నువ్వు కొన్న మొదటి పుస్తకానికి చివరి పేజీలు లేవనీ, నేను నీ మిషను కింద కూర్చుని గుడ్డపీలికలు ఏరుతూ "అల్లుడే చంపాడు" అంటే నువ్వు "కాదు, వంటవాడు" అన్నావనీ, ఏడాదంతా కొట్టుకున్నామనీ చెప్పా. తీరా మొత్తం పుస్తకం దొరికితే వాళ్ళిద్దరూ కాదు. "చివరి పేజీలుంటే ఒక్క సాయంత్రంలో అయిపోయేదే, లేవు కాబట్టి ఏడాదొచ్చింది" అన్నావు నువ్వు. అంతా విని అక్క "అందరికీ కాదన్నమాట, మీ ఇద్దరికే" అంది.

మూడో స్థానం "తడిసిన టిక్కెట్టు". రైల్లో హత్య. రాసినవాడు రైళ్ళ టైంటేబుల్ నమిలి మింగి రాశాడు. అయినా ఎందుకు నచ్చిందంటే ఇందులో టిక్కెట్ కలెక్టరుకు ఆకలేస్తుంది. ఈ పుస్తకాల్లో పని చేసేవాళ్ళకు ఎప్పుడూ ఆకలేయదత్తా. పనిమనిషి వస్తుంది, శవాన్ని చూస్తుంది, కెవ్వుమంటుంది, చేతిలో ట్రే వదిలేస్తుంది, పోతుంది. ఆ పింగాణీ ముక్కలు ఎవడు ఊడ్చాడు? ఒక్కడూ రాయడు.

రెండో స్థానం "మేయరుగారి మారుతల్లి". ఇందులో హంతకుడు నెత్తురైన దుప్పటిని వేడినీళ్ళలో ఉతికితే మరక మాయమైపోతుంది! ఆ రచయితను ఒక్కరోజు మా లాండ్రీకి రమ్మను. వేడినీళ్ళు తగిలిన నెత్తురు దుప్పటితో పాటే చస్తుంది. చన్నీళ్ళని రాసుంటే మొదటి స్థానం ఇచ్చేదాన్ని.

మొదటి స్థానం "చలికోటు జేబు". ఏమీ చెప్పను. ఒక దర్జీ మీద అనుమానం పడుతుందని మాత్రం చెప్తా. నీ కులస్థుడేగా, చూసుకో.

దీన్ని దుప్పట్లు ఇస్త్రీ చేసే రోలరు పక్కన నిలబడి చదువుతుంటే సూపర్‌వైజరు పట్టుకున్నాడు. మనిషి మొహం చూడడు, గోడ మీది టైమే చూస్తాడు కాబట్టి వాడికి గడియారం అని పేరు పెట్టాం. "ఏంటా పుస్తకం? ఇక్కడ చదువుకున్నవాళ్ళు అక్కర్లేదు" అన్నాడు. "ఎనిమిదితోనే ఆపేశా సార్, ఆ భయం పెట్టుకోకండి" అన్నా. మడతల అక్క దుప్పట్లో మొహం దాచుకుంది.

అన్నట్టు, గ్లౌజుల గొడవ గెలిచాం. ఇచ్చారు. మరకల మందులో చేతులు పెట్టినా ఇప్పుడు భయం లేదు. బెంగపెట్టుకోకు.

నీ మూడూ పంపు. త్వరగా.

నీ మిరపకాయ


డిసెంబరు 15

ప్రియమైన మేనకోడలికి మేనత్త ఆశీర్వదించి వ్రాయునది.

ఇచ్చట క్షేమము. నా కుడి మణికట్టు బెణికినందున ఈ లేఖను మన పై వాటాలో కొత్తగా అద్దెకు దిగిన రిటైర్డు కాంపౌండరుగారిచే వ్రాయించుచున్నాను. (నమస్కారం. భావము ఆమెది. భాష నాది.)

పుస్తకములు అందినవి. "తడిసిన టిక్కెట్టు"లో హంతకుడు రైలు గార్డు. "మేయరుగారి మారుతల్లి"లో మారుతల్లియే. అంత మంచిగా మాట్లాడు స్త్రీని నమ్మరాదు. "చలికోటు జేబు" గురించి ఇంకను ఆలోచించుచున్నాను. అందులో గుండీ కుట్టిన తీరును గురించి ఒక వాక్యమున్నది. ఆ వాక్యము వద్ద నిలిచిపోయితిని.

ఈ సంవత్సరము నాకు నచ్చినవి: మొదటిది "మేడ మీద అడుగులు". మెట్ల చప్పుడు వర్ణన అత్యద్భుతము. రెండవది "ఫోనులో గొంతు". మూడవది "తలుపు వెనక తుమ్ము". మూడింటికీ చివరి అధ్యాయములు తీసివేసి పంపుచున్నాము. (అంచులు నేను బ్లేడుతో కోసితిని. ఎంత నీటుగా వచ్చినవో గమనించగలరు.)

కుట్టుమిషనుకు ముసుగు వేసి మూలకు జరిపినాము. ఆరోగ్యము బాగుగానే ఉన్నది. మీరు సమయమునకు భోంచేయవలెను.

ఇట్లు
మీ మేనత్త

(మీరు పంపిన పుస్తకముల మూలలన్నియు జిడ్డుగా ఉన్నవి. తినుచు చదువుట మంచి అలవాటు కాదు. మీ చేతివ్రాత కూడ కుంటికోడి నడిచినట్లున్నది. చెప్పకుండ ఉండలేకపోయితిని.)


డిసెంబరు 20

అత్తా,

ఈ ఉత్తరం నువ్వొక్కదానివే చదువుకో. తలుపు వేసుకుని చదువుకో. ఆ మనిషి చేతికి మాత్రం ఇవ్వకు.

నువ్వు నన్ను ప్రియమైన అన్నావు. పుట్టినప్పట్నుంచీ "ఒసేయ్", "దిక్కుమాలినదానా", జ్వరమొచ్చినప్పుడు "మిరపకాయా" తప్ప ఇంకో మాట అనని అత్త ప్రియమైన అంది. అక్కడే నాకు అనుమానం మొదలైంది.

మణికట్టు బెణికితే మిషను మూలకు జరపడమెందుకు? తొక్కేది కాలితో కదా! నీకు టైఫాయిడ్ వచ్చినప్పుడు కూడా ఆ మిషను గుమ్మం పక్క వెలుతురులోంచి ఒక్క అంగుళం కదల్లేదు. ఇప్పుడు "జరిపినాము" అట. ఎవరు మీరంతా? ఎప్పట్నుంచి ఆ ఇంట్లో "మేము" అయ్యారు?

మందులు తెలిసినవాడు. బ్లేడుతో నీటుగా కోసేవాడు. ఒంటరి ఆడమనిషి ఇంట్లో పై వాటాలో దిగాడు. మొదట ఉత్తరాలు రాస్తాడు, తర్వాత ఇంకేదో రాయించుకుంటాడు. ఇలాంటివి మనం ఎన్ని చదివామే అత్తా! పైగా నా చేతిరాతకు వంకలు. వాడికెందుకు నా చేతిరాత?

పోనీ నాదంతా పిచ్చి అనుకుందాం. అప్పుడు నవ్వుకో. కానీ నిజంగా ఆపదలో ఉంటే, ఉన్నానని రాయలేకపోతే, వచ్చే ఉత్తరంలో "తలుపు వెనక తుమ్ము"కు మొదటి స్థానం ఇచ్చానని రాయి. ఆ పుస్తకం ఉన్నంతవరకు నిన్న ముగించా. హంతకుడు తలుపు వెనక దాక్కుని నూరు పేజీలు తుమ్ముతూనే ఉంటాడు, పక్క గదిలో డిటెక్టివుకు వినపడదు. బుద్ధున్నవాళ్ళెవరూ దానికి మొదటి స్థానం ఇవ్వరు. ఇచ్చావంటే నాకర్థమవుతుంది. బయల్దేరతా.

గార్డు, మారుతల్లి రెండూ తప్పు. చివరి అధ్యాయాలు దీంతో పంపుతున్నా.

మిరపకాయ


డిసెంబరు 29

ప్రియమైన మేనకోడలికి,

మీ లేఖ అందినది, చదివి వినిపించబడినది. (వినిపించినది నేనే. నన్ను గూర్చిన పేరాయు, దాని క్రిందిదియు మాత్రము నాకు సిగ్గుగా తోచి వదలివేసితిని.)

గార్డు కాదని తెలిసి విచారించితిని. మారుతల్లి కాదని తెలిసి మిక్కిలి విచారించితిని. "చలికోటు జేబు" విషయము ఇంకను తేలలేదు.

ఒక ముఖ్యవిషయము. పండుమిరపకాయవంటి నీ నాలుకకు జడిసి నా అభిప్రాయము దాచను. "తలుపు వెనక తుమ్ము" మరొకసారి విన్న పిమ్మట, దానికే ఈ ఏటి మొదటి స్థానము ఇచ్చుచున్నాను.

(అమ్మాయిగారూ, నేను వద్దన్నాను. రెండుసార్లు వద్దన్నాను. మూడవ స్థానమే న్యాయమని వాదించితిని. ఆమె వినలేదు. దయచేసి దీనిని సాహిత్యాభిప్రాయముగా మాత్రమే తీసుకోగలరు. మీరు బయల్దేరవలసిన అవసరము ఎంతమాత్రము లేదు. అసలు రావద్దు.)

ఇట్లు
మీ మేనత్త


జనవరి 7

అత్తా,

లాండ్రీకి తిరిగొచ్చా. బస్సులో వచ్చినంతసేపూ సిగ్గుతో కిటికీ వైపే మొహం పెట్టుకు కూర్చున్నా.

ఆ రోజు జరిగింది నీకు వినిపించిందే తప్ప కనిపించలేదు కదా, అందుకని రాస్తున్నా. కాంపౌండరుగారూ, పేరాలు వదలకుండా గట్టిగా చదవండి.

సెలవు కోసం గడియారం దగ్గరికెళ్ళా. "ఎందుకు?" అన్నాడు. "మా అత్తను విషం పెట్టి చంపుతున్నారు సార్" అన్నా. గోడ వైపు చూసి, "ఎన్ని రోజులు పడుతుంది?" అన్నాడు.

తలుపు కొడితే నువ్వే తీశావు. నన్ను కిందనుంచి పైదాకా చూసి "ఎవరమ్మా, కొలతలకా?" అన్నావు. నేను నోరు తెరిచి అరిచేదాకా నీకు తెలీలేదు. మత్తుమందు పెట్టారనుకున్నా అత్తా.

అందుకే అందర్నీ ముందుగదిలో కూర్చోబెట్టా. అందరూ అంటే నువ్వూ, ఆయనా, మొగుడి చొక్కా పట్టుకుని అప్పుడే వచ్చిన ఎదురింటావిడా. "ఎవరూ గుమ్మం దాటడానికి వీల్లేదు" అన్నా. ఎన్ని చివరి అధ్యాయాల్లో చదివానో ఆ మాట, అనడానికి ఒక్క అవకాశం వచ్చింది. కాంపౌండరుగారు చేతులు కట్టుకుని పీట మీద కూర్చున్నారు. "పొయ్యి మీద పాలున్నాయి" అంటే కూడా కదలనివ్వలేదు. (పాలు పొంగిపోయాయి. అది నేనే తుడిచా. ఆ సంగతి పుస్తకాల్లో రాయరు, ఇందులో రాస్తున్నా.)

అలమరాలో కనపడ్డ ఒక చిన్న సీసా తీసి ఎత్తి చూపించా. "దీన్ని రోజుకు మూడుసార్లు ఈవిడకు వేస్తున్నారా, లేదా?"

"వేస్తున్నానమ్మా."

"ఒప్పుకున్నాడు! ఎందులో కలిపి?"

"కలపనమ్మా. కంట్లో వేస్తాను."

అప్పుడు ఎదురింటావిడ చొక్కా రెండు చేతులతో పైకెత్తి, "అయితే మా ఆయన చొక్కాకు కాలరు తిరగేసి కుట్టింది అందుకా?" అంది.

అదీ సంగతి. నేను కాదు, కాలరు పట్టిచ్చింది.

అన్నీ నా ముందే ఉన్నాయి. మెట్ల చప్పుడు బాగుందన్నావు. ఫోనులో గొంతు బాగుందన్నావు. తుమ్ము బాగుందన్నావు. ఈ ఏడు నీకు నచ్చినవన్నీ చెవులతో చదివినవే. ఇరవై పుస్తకాలు చదివి ఏం లాభం, నా అత్తకు కళ్ళు కనపడటం లేదని పట్టుకోలేకపోయా. కాంపౌండరుగారూ, క్షమించండి. ఒక్కసారే రాస్తున్నా, మళ్ళీ అడగకండి. ఆ తుమ్ములు మీరు చేసి చూపిస్తారని అత్త చెప్పింది. మొదటి స్థానం పుస్తకానికి కాదు, మీ ముక్కుకు.

ఇక అసలు సంగతి. శుక్లాలు ముదురుతున్నాయని, త్వరగా ఆపరేషను చేయించుకుంటే మునుపటిలా సూదిలో దారం ఎక్కిస్తావని, నానబెడితే కష్టమని డాక్టరు చెప్పాడట. నువ్వు "చూద్దాంలే" అన్నావట. దేంతో చూస్తావు?

"చలికోటు జేబు" చివరి అధ్యాయం నా దగ్గరే ఉంది. నువ్వు హంతకుడెవరని రాసినా సరే, పంపను. ఆపరేషను చేయించుకో. నీ కళ్ళతో చదువుకో. అప్పటిదాకా అది నా పెట్టెలో, పెట్టె మంచం కింద, మంచం మీద నేను.

మిరపకాయ


జనవరి 16

ఒసేయ్ మిరపకాయా,

(ఇకపై ఆమె భాషలోనే వ్రాయవలెనని ఆజ్ఞ అయినది. ఈ భాషకు నేను బాధ్యుడను కాను.)

నా మిషను కింద పీలికలు ఏరుకుంటూ అక్షరాలు నేర్చుకున్నదానివి, నాకే బేరం పెడతావా? గుమ్మంలో నిలబడి అరిచావు, పెద్దాయన్ని పీట మీద కూర్చోబెట్టావు, నా పాలు పొంగించావు. నేనేమైనా అన్నానా? పైగా నాకు షరతులా?

ఆపరేషను మాట ఎత్తకు. వెనక వీధిలో ఒకావిడ చేయించుకుని ఉన్న చూపు కూడా పోగొట్టుకుంది. ఇప్పుడు గోడలకు గుద్దుకుంటూ తిరుగుతోంది. (ఆమె చూపు బాగానే ఉన్నది. కళ్ళద్దాలు పెట్టుకుంటే ముసలిదానిలా ఉంటానని పెట్టుకోదు.) ఆయన కుండలీకరణాల్లో ఏం గిలుకుతున్నాడో నాకు తెలీదనుకుంటున్నాడు. పెన్ను చప్పుడు నాకు వినపడుతుంది.

చెప్తా విను. నాకు ఇప్పుడు మసకగానైనా వెలుతురు కనిపిస్తోంది. గుడ్డ చేతిలోకి తీసుకుంటే ఎరుపో నలుపో తెలుస్తోంది. కుట్టు తడిమితే తెలుస్తోంది. రేపు అది కూడా పోయిందనుకో, అప్పుడు నేనెవర్నే? ఈ వీధిలో నన్ను పేరుపెట్టి పిలిచేవాళ్ళు లేరు. "మిషనావిడ" అంటారు. మిషను తీసేస్తే "ఆవిడ" మిగులుతుంది. ఆవిడెవరో నాకు తెలీదు. తెలుసుకోవాలని కూడా లేదు.

ఇక నీ పుస్తకం. ఆ కోటు గుండీ కింద దారాన్ని మెడలాగా చుట్టి కుట్టారని రాశాడు. కోటు అంత మందంగా ఉంటే అలా చుట్టకపోతే గుండీ నిలవదు. అది తెలిసినవాడు దర్జీ. కానీ ముడి బయటికి వదిలేశాడు. దర్జీ చచ్చినా ముడి బయటికి వదలడు. కాబట్టి దర్జీ పక్కన కూర్చుని పని చూసినవాడు, చేసినవాడు కాదు. వాడే హంతకుడు. ఎవడో నీకు తెలుసు, నాకూ తెలుసు. జవాబు చెప్పేశా. జవాబు చెప్తే చివరి అధ్యాయం రావాలి. పద్ధతి అంటే పద్ధతే.

మీ అత్త

(నా ఊహ: కుటుంబ వైద్యుడు. వారము రోజులుగా నాకు నిద్ర లేదు. నాకు విడిగా ఒక నకలు పంపగలరా? ఆమెకు చెప్పను. ఈ వాక్యము వ్రాయునప్పుడు పెన్ను చప్పుడు కాకుండ వ్రాసితిని.)


జనవరి 22

అత్తా,

పంపను.

కాంపౌండరుగారికి కూడా పంపను. ఆయన తుమ్మితే నీకు తెలిసిపోతుంది, ఇంక రహస్యం దాస్తాడా.

వెనక వీధి ఆవిడ గురించి రాశావు. నువ్వు చూశావా? చూడలేదు, నీకు కనపడదు. ఎవరు చెప్పారు? ఎదురింటావిడ. ఎదురింటావిడకు ఎవరు చెప్పారు? పుస్తకంలో ఇలాంటి సాక్ష్యం తెస్తే నువ్వే ఆ పుస్తకాన్ని గోడకేసి కొట్టేదానివి.

గుండీ సంగతి రాశావే, అది చదివి లేచి గదిలో రెండు చుట్లు తిరిగా. నేను ఆ పుస్తకం మూడుసార్లు చదివా. ఆ వాక్యం మీదుగా మూడుసార్లు నడిచి వెళ్ళిపోయా. నువ్వు ఎవరో గొంతుతో ఒక్కసారి విని పట్టుకున్నావు. తప్పో ఒప్పో చెప్పను. కానీ మిషను తీసేస్తే ఎవరు మిగులుతారని అడిగావు కదా. ఆ ముడి పట్టుకున్న మనిషి మిగులుతుంది. ఇది నిన్ను ఓదార్చడానికి రాయడం లేదు. నాకు ఓదార్చడం రాదు, నీకు తెలుసు.

భయంగా ఉందని చెప్పు, ఒప్పుకుంటా. నాకూ భయమే. ఈ ఏడు శవాలు, విషాలు, మెట్లమీద అడుగులు అన్నీ చదివా. ఒక్కచోటా గుండె ఆగలేదు. గుమ్మంలో నన్ను చూసి "కొలతలకా?" అన్నావే, అప్పుడు ఆగింది. ఈ ఏటి మొదటి స్థానం దానికి. దానికి కూడా చివరి అధ్యాయం చింపేసి ఉంది, అది నీ దగ్గరుంది. నేను నాది ఇస్తా, నువ్వు నీది ఇవ్వు.

తేదీ తీసుకో. వస్తా. పక్కనే కూర్చుంటా. మొన్నటిలా అరవను.

మిరపకాయ


ఫిబ్రవరి 1

ఒసేయ్,

వచ్చే సోమవారం పొద్దున. ముందు ఎడమ కన్ను. చివరి అధ్యాయం లేకుండా వచ్చావంటే గుమ్మం తొక్కనివ్వను.

అత్త

(ఆమె ఒప్పుకున్నది మీ లేఖ వలననా, ఆ పుస్తకము వలననా అని అడిగితిని. "నీ గోల పడలేక" అన్నది. నేను ధన్యుడను.)


మార్చి 20

ఒసేయ్ దిక్కుమాలినదానా,

చూశావా, ఇది నా రాత. గీతల మీద నిలబడి ఉంది. కాంపౌండరు పక్కన కూర్చుని మూతి ముడుచుకుని చూస్తున్నాడు. పనిపోయిందని బాధ. కుండలీకరణాలు లేక చేతులు దురద పెడుతున్నాయట. రెండో కన్ను అయ్యేదాకా సాయంత్రాలు చదివి వినిపించమన్నా. తుమ్ములు కూడా ఉంటాయన్నాడు.

హంతకుడి సంగతి ముందు తేల్చేద్దాం. నేను చెప్పినవాడే. పేరు రాయను, ఈ ఉత్తరం ఎవరి చేతిలో పడుతుందో. కాంపౌండరు డాక్టరు డాక్టరని ఎగిరాడు కదా, ఆ డాక్టరు నలభయ్యో పేజీలోనే ఊరొదిలి పోయాడు. చదివి వినిపించినవాడికే గుర్తులేదు.

ఇప్పుడు అసలు హంతకుడి సంగతి. అందరినీ ముందుగదిలో కూర్చోబెట్టడం నాకు రాదు, అందుకని ఉత్తరంలోనే చెప్తా. గుమ్మం దాటకుండా చదువు.

ఆసుపత్రిలో కట్టు విప్పారు. ఎదురుగా నువ్వు చివరి అధ్యాయం పట్టుకుని నిలబడ్డావు. "చదువు, చదువు" అన్నావు. నాకు ముందు పేజీ కనపడలేదే. పేజీ పట్టుకున్న వేళ్ళు కనపడ్డాయి.

వేళ్ళ సందుల్లో చర్మం లేచిపోయి ఉంది. కణుపుల మీద పగుళ్ళు. కుడి బొటనవేలు గోరు పక్కన పచ్చిగా ఉంది. నేను చూస్తున్నానని నీకు తెలియగానే పేజీలు నా ఒళ్ళో పడేసి చేతులు చున్నీ కింద పెట్టుకున్నావు. సాక్ష్యాలన్నీ కూడేదాకా డిటెక్టివు నోరు మెదపకూడదు.

ఇంటికొచ్చి నీ పుస్తకాలు వెలుతురులో పెట్టి చూశా. మూలల్లో జిడ్డు. తినుచు చదువుట కాదు. అది వాసెలిన్. వాసన చూశా. నీ ఉత్తరాలు తీసి వరసగా పెట్టి చూశా. పోయినేడు నీ రాత చీమల బారులా ఉండేది. ఈ ఏడు కుంటికోడి. పెన్ను పట్టుకుంటే నొప్పి కాబట్టి. రెండూ కాంపౌండరు మొదటి ఉత్తరంలోనే నీకు రాశాడు, రాస్తూ నాతోనూ అన్నాడు. వినపడినా మనిద్దరం వినలేదు. పక్క గదిలో తుమ్మితే డిటెక్టివుకు వినపడలేదని నవ్వావు కదా.

గ్లౌజులు ఇచ్చారన్నావు. నాకు మణికట్టు బెణికింది, నీకు గ్లౌజులు ఇచ్చారు. రెండూ ఒకే గుడ్డలోంచి కత్తిరించిన అబద్ధాలు.

డాక్టరు పెట్టిన గడువు దాటాక మిషను మళ్ళీ గుమ్మం పక్కకు జరిపించా. మొదట కుట్టింది నీకే. పాత వానకోటు కోసి, లోపల మెత్తటి నూలుగుడ్డ వేసి, మోచేతి దాకా వచ్చే గ్లౌజులు. నీ చేతి కొలత నాకు అడగక్కర్లేదు. కుట్టు తిరగేసి చూడు. ముడి ఎక్కడైనా బయట కనిపిస్తే నన్ను దర్జీ అనకు.

ఈ పార్సిల్లో ఎడమది ఒక్కటే పంపుతున్నా. కుడిది నా దగ్గరే ఉంది. నీకు కుడి చెయ్యే ఎక్కువ పాడైంది, అందుకే కుడిది ఉంచుకున్నా. చర్మం డాక్టరు దగ్గరికి వెళ్ళి ఆ చీటీ నాకు పంపు. ఆ గడియారంతో నిజంగా గొడవ పెట్టుకో, ఉత్తరంలో కాదు. అప్పటిదాకా అది నా అలమరాలో, అలమరాకు తాళం, తాళంచెవి నా మెడలో.

పద్ధతి అంటే పద్ధతే.

నీ మిషనావిడ


ఏప్రిల్ 4

అత్తా,

ఇది దౌర్జన్యం. పెద్దదానివి, ఇప్పుడే కళ్ళొచ్చాయి, ఊరుకుందామనుకుంటున్నా గానీ దౌర్జన్యమే.

అబద్ధం ఎందుకాడానంటే నువ్వు బెంగపెట్టుకుంటావని. నువ్వెందుకాడావో నన్నడగకు, అదే జవాబు.

ఆ ఒక్క గ్లౌజూ వేసుకుని పనిలోకెళ్ళా. ఇంకేం చేస్తా? ఎడమచెయ్యి మోచేతిదాకా వానకోటు, కుడిచెయ్యి ఖాళీ. పొద్దుట్నుంచీ అందరూ ఆగి చూసేవాళ్ళే. గడియారం కూడా వచ్చాడు.

"ఏంటది? రెండోది ఏది?"

"బందీగా ఉంది సార్."

"ఎవరి దగ్గర?"

"మా అత్త దగ్గర. మీరు గ్లౌజులిస్తే గానీ విడిచిపెట్టదు."

"మీ అత్త అంటే..." అని ఏదో లెక్క కట్టుకుని, "విషం పెట్టారన్నావు, ఆవిడేనా? ఇంకా ఉందా?" అన్నాడు.

"ఉంది సార్. ఇప్పుడు కళ్ళు కూడా కనిపిస్తున్నాయి."

నవ్వుతారనుకున్నా. మడతల అక్క నవ్వలేదు. చేతిలో దుప్పటి పక్కన పెట్టి, రెండు అరచేతులూ తిప్పి బల్ల మీద పెట్టింది. ఇన్నాళ్ళు పక్కన నిలబడి నేను చూడలేదత్తా. నాకంటే ఘోరం. తర్వాత రోలరు దగ్గరివాళ్ళు వచ్చి పెట్టారు. మందు తొట్టి దగ్గరివాళ్ళు పెట్టారు. బల్ల నిండా చేతులు. గడియారం మొట్టమొదటిసారి గోడ వైపు చూడలేదు. "ఈ ఒక్కరోజు మందు తొట్టి దగ్గరికి ఎవరూ వెళ్ళకండి" అన్నాడు. "రేపు?" అన్నా. "రేపటి సంగతి పైకి చెప్తా" అన్నాడు. "మేమూ వస్తాం పైకి" అంది మడతల అక్క. అందరం మెట్లెక్కాం. మెట్ల చప్పుడు అత్యద్భుతము అని కాంపౌండరుగారికి చెప్పు.

అట్టపెట్టెల్లో గ్లౌజులొచ్చాయి. చర్మం డాక్టరు దగ్గరికీ వెళ్ళొచ్చా, చీటీ దీంట్లోనే ఉంది. రెండు పూటలా రాయమని పూత మందిచ్చాడు. వాసెలిన్ కాదు, కాబట్టి ఇకమీదట పుస్తకాల మీద వేరే రకం మరకలొస్తాయి.

మడతల అక్క "చలికోటు జేబు" అడిగింది. ఇచ్చా. తెల్లారి వచ్చి నా జుట్టు పట్టుకున్నంత పని చేసింది. చివరి అధ్యాయం నువ్వు ఇంకా తిరిగి పంపలేదని చెప్పా. నిన్ను ఒక మాట అంది. రాయను.

ఇప్పుడు ఎడమచేతికి నీది, కుడిచేతికి కంపెనీది తొడుక్కుంటున్నా. కంపెనీది అప్పుడే బొటనవేలి దగ్గర విచ్చుకుంది. ఆ కుట్టు చూశావంటే కొత్తగా వచ్చిన నీ కళ్ళు మండుతాయి. ముడి బయటికే ఉంది.

కుడిది పంపు.

నీ మిరపకాయ